శ్రుతి కలిసిందా బావా?

ఆ ఎండాకాలం మా బావ రోజుకి నాలుగుసార్లు నన్ను ఒకటే ప్రశ్న అడిగేవాడు. నాలుగుసార్లూ నేను ఒకటే అబద్ధం చెప్పేవాణ్ణి.

"కలిసిందా బావా?"

"కలిసింది బావా."

ఆయన నా భార్యకి అన్నగారు. నాకన్నా నాలుగేళ్ళు పెద్ద. పెళ్ళి చేసుకోలేదు. ఎవరైనా అడిగితే, "ఫిడేలుతో అయిపోయిందిగా, మళ్ళీ చేసుకుంటే జైల్లో వేస్తారు" అనేవాడు. పాతికేళ్ళుగా మాతోనే ఉన్నాడు. మా ఆవిడ పోయి అప్పటికి ఏడు నెలలు. ఆవిడ ఉన్నన్నాళ్ళూ మేమిద్దరం ఒకరినొకరు ఆడిపోసుకునేవాళ్ళం. పోయాక ఒకరికొకరు దారి ఇచ్చుకుంటూ తిరిగాం. కుర్చీ నువ్వు తీసుకో అంటే నువ్వు తీసుకో అనుకుని, చివరికి ఇద్దరం నిలబడే టీ తాగిన రోజులున్నాయి.

బావ నగరం నడిబొడ్డున ఉన్న పార్కులో ఫిడేలు వాయిస్తాడు. ఫౌంటెన్ పక్కనున్న రాతిమెట్టు ఆయన చోటు. అక్కడ వాయించాలంటే పార్కు ఆఫీసు ఇచ్చే పాసు ఉండాలి. పాసు ఒక్క ఏడాదికే. వానలు మొదలవకముందు సూపరింటెండెంటు వచ్చి, వాయించేవాళ్ళలో ఒక్కొక్కరి దగ్గరా పావుగంట కూర్చుని వింటారు. నచ్చితే పాసు మీద ముద్ర పడుతుంది. నచ్చకపోతే ఇంటికి దయచేయమంటారు. పదకొండేళ్ళుగా ఆ ముద్ర పడుతూనే ఉంది. ఆ పాసు ఒక్కటీ లేకపోతే బావకి తెల్లారి లేవడానికి కారణం ఉండదని నాకు తెలుసు. ఆయనకీ తెలుసు.

"ఇంట్లో గోడలకి కాపలా కాస్తావేం? నాతో రారాదూ" అన్నాడు ఎండలు ముదురుతుండగా ఒకరోజు, ఆవిడ పోయాక మొదటిసారి ఫిడేలు పెట్టె చేతిలోకి తీసుకుని. నేను ఫ్లాస్కు, ఒక మెత్త పట్టుకుని బయల్దేరాను.

అక్కడ నా ఉద్యోగం ఏమిటో మొదటి ఉదయమే తెలిసింది. బావ మెట్టు మీద కూర్చుని, ఫిడేలు బిరడాలు తిప్పి, కమానుతో ఒక్కొక్క తీగా పలికించి, తల పైకెత్తి నా మొహంలోకి చూశాడు. "కలిసిందా?" అన్నాడు. ఇంట్లో ఈ ప్రశ్న వంటగదిలోకి వెళ్ళేది. లోపల్నుంచి మా ఆవిడ "కొంచెం దిగింది అన్నయ్యా" అనో, "ఆఁ, సరిపోయింది" అనో అనేది. ఇప్పుడది నా దగ్గరకొచ్చింది.

నేను కాలేజీలో భౌతికశాస్త్రం లాబ్‌లో ముప్ఫై ఒక్క సంవత్సరాలు పనిచేశాను. ధ్వని వేగమెంతో, తరంగం పొడవెంతో నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. కానీ నాకు చెవి లేదు. "మా ఆయనకి రంపం కోతకీ రాగానికీ తేడా తెలీదు" అని మా ఆవిడ వచ్చినవాళ్ళందరికీ, కాస్త గర్వంగానే, చెప్పేది. ఆ సంగతి బావకీ తెలుసు. అయినా అడిగాడు. నేను "కలిసింది" అన్నాను. ఆ మాటతో ఆయన భుజాలు ఒక అంగుళం కిందికి దిగాయి. ఆ అంగుళం కోసమే మళ్ళీ మళ్ళీ చెప్పాను.

పార్కులో రోజు ఎలా గడుస్తుందో అప్పటిదాకా నేను చూడలేదు. పొద్దున ఆరున్నరకి నడకవాళ్ళు వస్తారు. వాళ్ళకి పాట కాదు, లయ కావాలి. బావ వాళ్ళ అడుగుల్ని బట్టి వాయిస్తాడు. లావుపాటి ప్లీడరు గారొకాయన ఫౌంటెన్ చుట్టూ మూడో చుట్టులో ఆయాసపడుతుంటే పాట తానే నెమ్మదించేది. ఆయనకి ఎప్పటికీ తెలియలేదు, తన పరువు ఎవరు కాపాడుతున్నారో. తొమ్మిదికి ఆఫీసువాళ్ళు అడ్డదారిన పరుగులు తీస్తారు, వాళ్ళెవరూ ఆగరు. పన్నెండు తర్వాత ఎండకి బిరడాలు వదులవుతాయి, తీగలు జారతాయి, మళ్ళీ శ్రుతి చెయ్యాలి. మూడింటికి తోటమాలి వచ్చి గొట్టంతో మొక్కలకి నీళ్ళు పడతాడు. బావ వాయిస్తుంటే మాత్రం నీళ్ళ చప్పుడు రాకుండా గొట్టం మూతిని గడ్డిలో పెట్టి పక్కన నిలబడతాడు. అతనితో మేము పది మాటలైనా మాట్లాడి ఉండం.

సాయంత్రం అసలు జనం వస్తారు. తల్లులు, ముసలివాళ్ళు, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకోవాలో వద్దో తేల్చుకోలేని జంటలు. ఆ జనాన్ని చూస్తూ కూర్చోవడమే నాకు పనైంది. పాట అర్థం కానివాడికి కాళ్ళు కనిపిస్తాయి. ఒకడు పాట వినపడగానే నెమ్మదిస్తాడా, అలాగే పోతాడా, లేక తొందరపడతాడా అన్నది చూసేవాణ్ణి. లాబ్ అలవాటు.

మూడో వారానికి కాళ్ళు తొందరపడడం మొదలైంది.

బెంచీ దగ్గర ఎప్పుడూ ఆగే ముసలి దంపతులు ఆగలేదు. ఒకావిడ మెట్టు దాకా వచ్చి, మొహం అదోలా పెట్టి, తిరిగి వెళ్ళిపోయింది. నేను ఎండని తప్పుపట్టాను. తర్వాత పరీక్షల కాలాన్ని తప్పుపట్టాను. పదిరోజులు అలా నెట్టుకొచ్చాక బుడగలమ్మే ఆవిడ నా పక్కకొచ్చి కూర్చుంది. ఆవిడ మాకన్నా ముందునుంచీ ఆ ఫౌంటెన్ దగ్గర ఉంది.

"మాష్టారూ, ఒక మాట అంటాను, ఏమీ అనుకోరుగా?"

"అను."

"ఫిడేలు బాబాయికి ఒంట్లో బాగుందా?"

"గుండ్రాయిలా ఉన్నాడు. ఏం?"

"పైకెళ్ళినప్పుడల్లా ఆ ఫిడేలు పళ్ళు జివ్వుమనిపిస్తోంది. పోయినేడు ఇలా లేదు. నేనేం చదువుకున్నదాన్ని కాదనుకోండి, మీరు పక్కనుండి అంతా కలిసింది అంటుంటే నా చెవులే పాడయ్యాయేమో అనుకున్నాను."

ఆవిడ నా మొహం చూసి, "అయ్యో, మీక్కూడా తెలీదా!" అని నాలుక కరుచుకుంది. పోతూ పోతూ, "ఈ ఏడు కొత్త సూపరింటెండెంటమ్మ వచ్చిందంట. చిన్నప్పట్నుంచీ పాట నేర్చుకున్న మనిషంట" అని మెల్లగా చెప్పింది.

ఆ ఆదివారం ఇంట్లో బావ గుమ్మం పక్కనే కూర్చుని పేపరు చదువుతున్నాడు. మా తలుపు గంట పిట్ట కూసినట్టు సన్నగా కూస్తుంది. అది కూసింది. బావ పేజీ తిప్పాడు. మళ్ళీ కూసింది. బావ చదువుతూనే ఉన్నాడు. పాలబ్బాయి విసుగొచ్చి తలుపు మీద అరచేత్తో బాదాడు. అప్పుడు బావ లేచి, "వచ్చినవాడు గంట కొట్టొచ్చుగా, తలుపులు విరగ్గొడతాడేం" అని గొణుక్కుంటూ తీశాడు.

నేను వంటగదిలో గిన్నె కడుగుతూ ఇదంతా చూశాను. సన్న ధ్వనులు ఆయనకి వినపడడం లేదు. వినపడనివాడు వినలేనివాణ్ణి అడిగి శ్రుతి చేసుకుంటున్నాడు. మేమిద్దరం కలిసి నెలరోజులుగా పార్కులో జనాన్ని తరిమేస్తున్నాం.

మర్నాడు పొద్దున మెట్టు మీద బావ బిరడా తిప్పి తలెత్తాడు.

"కలిసిందా బావా?"

"తెలీదు బావా."

"తెలీదంటే?"

"ఎప్పుడూ తెలీలేదు."

ప్లీడరు గారు మా ముందునుంచి నడిచి వెళ్ళారు. బావ ఆయనకి నమస్కారం పెట్టాడు. తర్వాత కమానుని వదులు చేసి, గుడ్డ చుట్టి, పెట్టెలో పెట్టాడు. ఫిడేలు పెట్టాడు. ఆ పెట్టెకి రెండు గొళ్ళేలుంటాయి. రెండూ నెమ్మదిగా వేశాడు. "ఎండ ఎక్కువగా ఉంది, పోదాం పద" అన్నాడు. అప్పటికి ఇంకా ఏడు కాలేదు.

మూడురోజులు ఫిడేలు పెట్టె తెరవలేదు. మూడోరోజు భోజనం దగ్గర, కంచంలోకి చూస్తూ, "నీకెప్పుడు తెలిసింది?" అన్నాడు.

"ఆదివారం. గంట మోగితే..."

"నాకు రెండేళ్ళ నుంచీ తెలుసు. చెల్లాయికి నాకన్నా ముందే తెలుసు. నీతో సహా ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాను. పొద్దున్నే, మళ్ళీ మధ్యాహ్నం నేను అన్నానికి వచ్చినప్పుడు, వంటగది గుమ్మంలో నిలబడి వేలు పైకీ కిందికీ చూపించేది. నోటితో ఏదో అనేది కూడా, నువ్వు అనుమానపడకుండా."

పెళ్ళాం దాచిన రహస్యం ఆవిడ పోయాక తెలిస్తే కోపం రావాలి. నాకు రాలేదు. రెండేళ్ళపాటు ఆ గుమ్మంలో వేలెత్తి నిలబడ్డ మనిషి కనిపించి, కలిపిన అన్నమే మళ్ళీ కలిపాను.

"మరి నాకు చెవి లేదని తెలిసీ నన్నెందుకు అడిగావు?"

"ఇంకెవర్ని అడగను? పైగా నువ్వు అంత గట్టిగా కలిసింది, కలిసింది అంటుంటే... ముప్ఫై ఏళ్ళు దానితో కాపురం చేశావు కదా, అత్తరు అంగడివాడికి అంటినట్టు ఎంతో కొంత అంటుకుని ఉంటుందిలే అనుకున్నాను." కంచం పక్కకి నెట్టాడు. "ఏమీ అంటలేదన్నమాట."

"చుక్క కూడా."

"దరిద్రుడివి" అన్నాడు. ఆవిడ పోయాక ఆయన నన్ను తిట్టడం అదే మొదటిసారి. ప్రాణం లేచివచ్చింది.

ఆ మధ్యాహ్నం అటక మీద నుంచి పాత చెక్కపెట్టె దింపాను. కాలేజీవాళ్ళు పారేస్తుంటే తెచ్చుకున్న శ్రుతిదండాలు ఎనిమిది ఉన్నాయి అందులో. శ్రుతిదండమంటే రెండు కొమ్ముల ఉక్కు కడ్డీ. కొడితే ఒక్కొక్కటీ ఒక్కొక్క ధ్వని ఇస్తుంది, ఎంతన్నది దాని మీదే అంకెల్లో చెక్కి ఉంటుంది. తెచ్చినరోజు మా ఆవిడ అన్నిటినీ మోగించి చూసి, ఒకటి పట్టుకుని, "ఇది అచ్చం అన్నయ్య ఫిడేలు సన్నతీగ" అంది. ధ్వని నాకు గుర్తులేదు కానీ అంకె గుర్తుంది. అంకెలు నన్నెప్పుడూ మోసం చేయలేదు. ఐదువందల పన్నెండు.

బావని కేకేసి భోజనాల బల్ల మీద ఫిడేలు పెట్టించాను. గోరంత కాగితపుముక్కని మధ్యకి మడిచి, గుర్రం మీద రౌతులా సన్నతీగ మీద కూర్చోబెట్టాను.

"ఏమిటీ పిల్లలాట?"

"మా కుర్రాళ్ళ చేత ముప్ఫై ఏళ్ళు చేయించాను, నువ్వొక్కసారి చెయ్యి. లావు తీగలు మూడూ నీకు వినపడతాయిగా?"

"శుభ్రంగా."

"పైదొక్కటేగా బాధ. నేను దీన్ని కొట్టి, కాడని తీగల కింద నిలబడ్డ ఆ చెక్కముక్క మీద ఆనిస్తాను. నువ్వు బిరడా తిప్పుతూ ఉండు. తీగా దండమూ ఒకటైన క్షణంలో కాగితం ఎగిరిపోతుంది. చెవితో పనిలేదు. కళ్ళున్నాయిగా?"

"నీకన్నా బాగానే ఉన్నాయి."

దండాన్ని మోకాలి మీద కొట్టి కాడ ఆనించాను. బావ తిప్పాడు. కాగితం కదల్లేదు. మళ్ళీ కొట్టాను. ఇంకొంచెం తిప్పాడు. ఏమీ లేదు. పదిసార్లు కొట్టేసరికి మోకాలు కందింది. బావ పెదవి విరిచి, వేలితో బిరడాని ముట్టీముట్టనట్టు తాకాడు. అంతే, కాగితం వణికి, పక్కకి ఒరిగి, ఎగిరి ఊరగాయ జాడీ వెనక పడింది.

బావ కమాను తీసి పై తీగ మీద ఒక్క గీత గీశాడు. వినపడిందో లేదో నాకు తెలీదు. కానీ ఎడమచేతి వేళ్ళు వాటంతటవే తీగ మీదకి వెళ్ళాయి. యాభైఏళ్ళ అలవాటు, తీగ నిజం చెబితే వేళ్ళకి దారి తెలుసు. ఇంట్లో ఫిడేలు మోగి అప్పటికి ఎనిమిది నెలల పైనే. పక్కవాటా ఇల్లాలు కిటికీ తలుపు తెరిచిన చప్పుడు నాకు వినపడింది.

మర్నాటి నుంచి మళ్ళీ పార్కు. అయితే ఒక షరతు పెట్టాడు. "ఇది ఎవరి కంటా పడకూడదు. ఫిడేలు వాయించేవాడికి చెవుడని తెలిస్తే వంటవాడికి నాలుక లేదన్నట్టే." నాలుగుసార్లూ మేము గుబురుపొద వెనక్కి పోయి, జనానికి వీపు పెట్టి కాగితం ఎగరేసుకునేవాళ్ళం. తోటమాలి రెండుసార్లు చూసి, మూడోసారి నుంచి అటువైపు రావడం మానేశాడు. మేము చాటుగా చుట్ట కాలుస్తున్నామని అనుకుని ఉంటాడు. పదిరోజుల్లో ముసలి దంపతులు బెంచీ దగ్గర ఆగారు. కాళ్ళు నెమ్మదించాయి.

సూపరింటెండెంటు వచ్చిన రోజు పొద్దున్నుంచే గాలి లేచింది. వానకి ముందొచ్చే గాలి. ఎండుటాకులు ఫౌంటెన్ చుట్టూ గింగిరాలు తిరుగుతున్నాయి. ఆవిడ సన్నగా, మర్యాదగా ఉంది. చంకలో ఫైలు, చేతిలో మడత కుర్చీ. మెట్టుకి పదడుగుల దూరంలో కుర్చీ వేసుకుని, "మీరు సిద్ధమయ్యాక మొదలుపెట్టండి, తొందర లేదు" అంది.

పొద వెనక మేము సిద్ధం కాలేకపోయాం. కాగితం కూర్చోబెట్టడం ఆలస్యం, గాలికి ఎగిరిపోతోంది. నా ఒళ్ళు అడ్డం పెట్టాను. చొక్కా కప్పి చూశాం. ఆరుముక్కలు పోయాయి.

"ఉన్నదాంతో వాయించెయ్యి బావా. పైతీగ ముట్టుకోకు" అన్నాను.

"పైతీగ లేకుండా వాయిస్తే ఆవిడ వినడానికేముంది?"

ఇంకో ముక్క చింపాను. అదీ పోయింది. అది గాల్లో తిరుగుతూ పొద మీదుగా జనంలోకి వెళ్ళడం బావ చూస్తూ నిలబడ్డాడు. తర్వాత ఫిడేలు తీసుకుని, పొద వెనక నుంచి బయటికి నడిచి, మెట్టు మీద కూర్చున్నాడు. దాన్ని ఒళ్ళో పడుకోబెట్టుకున్నాడు.

"అమ్మాయ్" అని బుడగలావిడని పిలిచాడు, పార్కంతా వినపడేట్టు. "ఇలా వచ్చి గాలికి అడ్డం నిలబడు. నాకు సన్నతీగ వినపడదు. కాగితంతో చూసుకోవాలి."

ఆవిడ బుడగల కర్రని తోటమాలి చేతిలో పెట్టి వచ్చి నిలబడింది. ఒక్క మనిషి గాలికి చాల్లేదు. ప్లీడరు గారు ఆయాసపడుతూ వచ్చి పక్కన నిలబడ్డారు. ఆయన ఒక్కరే నలుగురి పెట్టు. ముసలి దంపతులు బెంచీ మీంచి లేచారు. ఎవరో ఆఫీసుకి పోయే కుర్రది గొడుగు తెరిచి అడ్డం పెట్టింది. ఎవరూ ఏమీ అడగలేదు. నేను మోకాలి మీద దండం కొట్టాను. వంగిన తలలన్నీ ఆ గోరంత కాగితాన్నే చూస్తున్నాయి. వాళ్ళ మధ్యలో సూపరింటెండెంటు తల కూడా ఉంది. ఎప్పుడు లేచి వచ్చిందో.

కాగితం ఎగిరింది. "ఆఁ!" అన్నారు అందరూ.

బావ పావుగంట వాయించాడు. ఏం వాయించాడని అడిగితే నేను చెప్పలేను. ఎవరూ కదల్లేదని మాత్రం చెప్పగలను.

చివర్లో ఆవిడ ఫైలు మూసింది. "పై స్వరాల్లో రెండుచోట్ల వేలు జారిందండీ" అంది.

"జారే ఉంటుంది" అన్నాడు బావ.

"ఈ మెట్టు కోసం ముగ్గురు కలిసి వాయించే బృందం ఒకటి అడుగుతోంది. బాగా వాయిస్తారు. అబద్ధం చెప్పను, ఇది వాళ్ళకే ఇస్తున్నాను." ఫైలు మళ్ళీ తెరిచింది. "ఉత్తరం గేటు ఖాళీగా ఉంది. ఎవరూ తీసుకోరు. ఎదురుగా బస్సులు ఆగుతాయి, ఒకటే హారన్లు."

"అక్కడ గాలి వస్తుందా?"

ఆవిడకి మొదట అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. "రెండు పక్కలా గోడలండీ. ఆకు కూడా కదలదు."

"అయితే రాసెయ్యండమ్మా. హారన్ల సంగతి నాకు వదిలెయ్యండి."

ముద్ర పడింది. పదకొండేళ్ళ మెట్టు మీద నుంచి మెత్త తీసి దులిపాను. తొలి చినుకులు పడుతుండగా ఇద్దరం ఇంటిదారి పట్టాం. నాకు బాధగా ఉంది, ఏదో అనాలనిపించింది. గేటు అయితే నీడ కూడా ఉంటుంది, టీకొట్టు దగ్గర, అని ఏదో మొదలుపెట్టాను. రెండు వాక్యాలయ్యేసరికి బావ ఆగిపోయాడు. ఫిడేలు పెట్టెని ఎడమచేతిలోంచి కుడిచేతిలోకి మార్చుకున్నాడు. నా మోచెయ్యి పట్టుకుని, తన వెనకనుంచి తిప్పి, ఎడమపక్కకి తెచ్చి నిలబెట్టుకున్నాడు.

"ఇటునుంచి చెప్పు" అన్నాడు. "అటుపక్కది బొత్తిగా పోయింది."

నేను మొదటినుంచీ మళ్ళీ చెప్పాను.